అవతలి గట్టున తెలుపు

బతికున్న మనిషి కోసం తెల్ల ముసుగు వేసుకోకూడదని వోల్షినా ఊళ్ళో పాలు మరిచిన ప్రతి పిల్లకీ తెలుసు. వోర్షాకి అందరికంటే ఎక్కువ తెలుసు. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళకి బట్టలు కట్టేది ఆమే, శవాలకి కట్టేదీ ఆమే. ఏ చావుకి ఏ ముసుగు, ఎన్నాళ్ళు ఉంచాలి, గుండుసూది ఎక్కడ గుచ్చాలి అని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా ఆమెనే అడిగేవారు. కాబట్టి తర్వాత చేసిన పనికి తెలియక చేశానని చెప్పుకునే వీలు ఆమెకి లేదు. చెప్పుకోనూ లేదు.

యుద్ధం ముగిసిన వేసవిలో నీసా నది సరిహద్దయింది. అంతకుముందు అది ఊరికే నది. ఆవుల్ని కడిగేవారు, అవిసె కట్టలు నానబెట్టేవారు, అవతలి గట్టు పిల్లని చేసుకునేవారు, ఇవతలి పిల్లని ఇచ్చేవారు. వోర్షా తన కూతురు లెయ్నాని అవతలి జాలుక్ ఊరికి ఇచ్చింది. ఇక్కడ రొట్టెల పొయ్యి రాజేస్తే అక్కడ పొగ కనిపించే దూరం. దగ్గర సంబంధమని వోర్షా అప్పట్లో గొప్పగా చెప్పుకుంది.

అవతలి గట్టు పోలండుకి పోయింది. అక్కడి జర్మన్లని మూటాముల్లెతో సహా ఇవతలికి తోలేశారు. లెయ్నా తన ఇంటి గుమ్మంలో నిలబడి, "మేం జర్మన్లం కాదు, సోర్బులం. మీ మాటా మా మాటా చుట్టాలు" అని సిపాయిలతో వాదించింది. అయితే మంచిది, ఆవుల పాలు పితుకు అన్నారు. పట్టాల మరమ్మతుకి అవతలికి వెళ్ళొచ్చే కితో ఈ సంగతి మోసుకొచ్చాడు. పాలు పితకడానికి కొందరు ఆడవాళ్ళని అట్టిపెట్టుకున్నారు. లెయ్నా భర్త యుద్ధంలో ఎప్పుడో పోయాడు. ఆమెకి మిగిలింది చిన్న కూతురు రేజ్కా.

కితో ఇంకో మాట కూడా చెప్పాడు. తూర్పున బూగ్ నది అవతల నుంచి తరిమేసినవాళ్ళని రైళ్ళలో తెచ్చి జాలుక్ ఇళ్ళలో దింపుతున్నారు. లెయ్నా ఇంట్లోనూ ఒకామెని దింపారు.

"ఎలాంటిది?" అంది వోర్షా.

"ఎలాంటిదేంటి అత్తా, మనిషే. రెండు కాళ్ళున్నాయి."

"మన మాట వచ్చా?"

"మన మాట మన ఊరి పాస్టరుగారికే సరిగ్గా రాదు. ఆమెకెక్కడొస్తుంది?"

క్రిస్మస్ తర్వాత కితోని ఆ పని నుంచి తీసేశారు. ఆ తర్వాత అవతలి కబురు మోసేవాళ్ళు లేరు.

మిగిలింది ఆదివారం. ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు చర్చి నుంచి నేరుగా నది మలుపు దగ్గరికి వెళ్ళేవారు. అవతల మిగిలిన ఆడవాళ్ళు కూడా ఆ వేళకే ముళ్ళపొదలు దాటి పచ్చికలోకి వచ్చేవారు. రెండు వైపులా నదికి బాగా ఎడంగా కర్రలు పాతి ఉన్నాయి. అవి దాటకూడదు. అరవకూడదు. చెయ్యి ఊపకూడదు. ఒకసారి పొరుగింటి హాంజా మరిచిపోయి రుమాలు ఊపితే, సంకేతాలు ఇస్తున్నావని తీసుకెళ్ళి పొద్దుగూకేదాకా గడ్డికొట్టంలో కూర్చోబెట్టారు. నిలబడటం మీద మాత్రం ఎవరూ నిషేధం పెట్టలేదు. బట్టలు కట్టుకోవడం మీదా పెట్టలేదు. ఆడదాని బట్టల్లో ఏం రాసుంటుందో సిపాయికి తెలిస్తే కదా!

అంత దూరం నుంచి మొహం కనబడదు. కన్నూ ముక్కూ ఏవీ తెలియవు. రంగు తెలుస్తుంది, ముసుగు తెలుస్తుంది, పావడా ముందు కట్టుకున్న గుడ్డ నీలమో నలుపో తెలుస్తుంది. సోర్బు ఆడదానికి అది చాలు. ఎర్ర పావడా అంటే ఇల్లు చల్లగా ఉందని. తెల్ల ముసుగు అంటే ఎవరో పోయారని. భర్తకీ, అమ్మానాన్నలకీ, కన్నబిడ్డకీ పెద్ద ముసుగు, తల మీంచి మోకాళ్ళదాకా. అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ చిన్న ముసుగు, భుజాల దాకా. పిల్లలకి తెలుపు వేసేది తల్లో తండ్రో పోయినప్పుడే.

వోర్షా భర్త మెర్తెన్ యుద్ధం ముగిసిన నెలలోనే పోయాడు. అప్పటికింకా నదికి కాపలా లేదు. లెయ్నా వచ్చి తండ్రిని సాగనంపి వెళ్ళింది. అప్పట్నుంచి తల్లీ కూతుళ్ళు రెండు గట్ల మీదా ఒకేలాంటి పెద్ద ముసుగులో నిలబడ్డారు. క్రిస్మస్ ముందటి ప్రార్థనలు మొదలైన ఆదివారం వోర్షా పెద్ద ముసుగు తీసి, తెల్ల తలగుడ్డా నల్ల పావడాతో వెళ్ళింది. అవతల లెయ్నా కూడా తెల్ల తలగుడ్డా నల్ల పావడాలోనే ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తల్లి చేతి కింద పెరిగిన పిల్లకి చెప్పక్కర్లేదు.

ఈస్టరు ఉపవాసాల మొదటి ఆదివారం ముందుగుడ్డ నీలానికి మారాలి. వోర్షా మార్చింది. అవతల లెయ్నా మార్చలేదు.

"ఉతికి ఆరేసుంటుందిలే వదినా, ఆరలేదేమో" అంది హాంజా.

"లెయ్నా అయితే తడిది కట్టుకునైనా వస్తుంది."

"నీ కూతురు కాబట్టి వస్తుంది. జ్వరం తెచ్చుకుని మరీ వస్తుంది" అని హాంజా నవ్వింది.

తర్వాతి ఆదివారం అవతల నీలం కనబడింది. వోర్షా ఊపిరి పీల్చుకుంది. కానీ ఉపవాసాల మధ్య ఆదివారం ఒక్కరోజు నల్ల రిబ్బను కట్టే ఆనవాయితీ ఉంది. వోర్షా కట్టింది, అవతలి మనిషి కట్టలేదు. ఆ పై వారం వోర్షా రిబ్బను తీసేసి వెళ్ళింది. అవతలి మనిషి నల్ల రిబ్బనుతో వచ్చి నిలబడింది.

అవి లెయ్నా బట్టలే. ఆ ముందుగుడ్డ అంచు కుట్టింది తనే. కానీ లోపలున్న మనిషి తల్లిని చూసి ఇంటికెళ్ళి, చూసినట్టు కట్టుకుని, వారం తర్వాత వస్తోంది. అద్దం ఎదురుగా నిలబడితే బొమ్మ ఒక వారం వెనకబడి కదిలినట్టుంది.

ఆ మాట ఎవరితోనూ అనలేదు. కోడలు ఓర్తియాతో అసలే అనలేదు. ఓర్తియా ఆమె కొడుకు విలెమ్ భార్య. విలెమ్ తూర్పు యుద్ధానికి పోయి మళ్ళీ జాడ లేదు. చనిపోయాడని ఎవరూ చెప్పలేదు, ఖైదులో ఉన్నాడనీ చెప్పలేదు. ఓర్తియా మామ కోసం కట్టవలసినంతకాలం తెలుపు కట్టి, గడువు తీరగానే ఎర్ర పావడా తీసింది. "నా మొగుడు బతికే ఉన్నాడు. ఉన్నవాడి పెళ్ళాం ఎలా ఉండాలో అలాగే ఉంటాను" అంది. వోర్షాకి ఆ మొండితనం నచ్చింది. మెచ్చుకోలేదు. మెచ్చుకోవడం ఆమెకి అలవాటు లేదు.

ఆ వారమంతా వోర్షా ఒకే లెక్క వేసింది. లెయ్నా ఉందా, పోయిందా? ఎలా తెలుసుకోవాలి? రంగు రిబ్బను కడదామా? లెయ్నా అయినా కట్టొచ్చు, అమ్మ కట్టింది కదా అని. ఎర్రది కడదామా? అదీ అంతే. సంతోషానికి తల్లీ కూతుళ్ళు ఒకేలా కడతారు. చావుకొక్కదానికే ఎవరి కొలత వాళ్ళది. కొడుకు పోతే తల్లికి పెద్ద ముసుగు. తమ్ముడు పోతే అక్కకి చిన్న ముసుగు. అవతలున్నది లెయ్నా అయితే, అమ్మని పెద్ద ముసుగులో చూసి చిన్న ముసుగుతో వస్తుంది. లెయ్నా కాకపోతే, చూసింది చూసినట్టు పెద్దది వేసుకొస్తుంది.

దానికి ఇద్దరికీ కావలసిన చావు ఒకటి ఉండాలి. అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు, పెద్దలు అందరూ ఎప్పుడో పోయారు. వాళ్ళ కోసం కట్టవలసినవి కట్టేశారు. మిగిలింది విలెమ్ ఒక్కడే.

ఒక బిడ్డ సంగతి తెలుసుకోవడానికి ఇంకో బిడ్డని పణం పెట్టింది. ఏ తల్లి అయినా చేస్తుందా అంటే, ఆమె చేసింది.

ఈస్టరుకి ముందు ఆదివారం పొద్దున ఓర్తియా పాల బకెట్టుతో లోపలికొచ్చేసరికి వోర్షా పెట్టె తెరిచి, పెద్ద ముసుగు వేసుకుని, గడ్డం కింద గుండుసూది గుచ్చుకుంటోంది.

"అత్తా... ఎవరు?"

వోర్షా ఇంకో సూది అందుకుంది.

"ఎవరత్తా? లెయ్నానా? చెప్పు, నీకు దణ్ణం పెడతాను."

వోర్షా పెట్టెలోంచి రెండో ముసుగు తీసి చాచింది. అది భార్య ముసుగు. అంచుకి సన్న నల్లదారం ఉంటుంది. ఓర్తియా దాన్ని చూసింది. బకెట్టు జారిపోయి పాలు గచ్చు మీద పరుచుకున్నాయి. ఆమె ఏడవలేదు, గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"ఎప్పుడు? ఎవరు చెప్పారు?"

"కట్టుకో."

"ఎవరు చెప్పారత్తా?"

"చర్చికి వేళవుతోంది. కట్టుకో."

తల్లి తెలుపులోనూ భార్య ఎరుపులోనూ పక్కపక్కన నిలబడితే అవతలి గట్టుకి అబద్ధం దొరికిపోతుంది. అందుకే వోర్షాకి ఓర్తియా కూడా కావాలి. ఎర్ర పావడా విప్పించి, చిన్నపిల్లకి కట్టినట్టు తనే కట్టింది. ఎంతమంది విధవలకి కట్టిన చేతులో, తడబడలేదు. చివరి సూది గుచ్చేటప్పుడు ఓర్తియా గొంతు కదలడం వేళ్ళకి తెలిసింది. అప్పుడైనా ఆగొచ్చు. ఆగలేదు.

చర్చిలో ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. బయటికొచ్చాక హాంజా చెయ్యి పట్టుకుంది.

"కబురెట్లా వచ్చింది వదినా?"

"రావలసిన దారిలో వచ్చింది."

"ఖాయమేనా? వెనకటికి మా చిన్నత్త సంగతి తెలుసుగా. మొదటి యుద్ధంలో మొగుడు పోయాడని ఎవడో చెబితే తెలుపు కట్టింది. కోతల వేళకి ఆయన నడుచుకుంటూ వచ్చాడు. కూర్చున్నాడు, బంగాళాదుంపలు తిన్నాడు, ఎవరి కోసమే ఈ తెలుపు అన్నాడు. ఆ వారమే పాతిపెట్టాం."

"తెలుసు. ఆయనకి బట్టలు కట్టింది నేనే."

"మధ్యలో తియ్యడానికీ లేదు గదా. గడువు తీరకుండా తీస్తే అది ఇంట్లో ఇంకో తల వెతుక్కుంటుంది."

"నాకు చెబుతున్నావా హాంజా?"

హాంజా చెయ్యి వదిలేసింది.

నది మలుపు దగ్గర ఇద్దరూ కర్రల వెనక నిలబడ్డారు. అవతలి మనిషి లెయ్నా బట్టల్లో వచ్చింది. ఎప్పుడూ నిలబడే చోటుకి రాకముందే ఆగిపోయింది. తెలుపులో ఉన్న ఈ ఇద్దరినీ చాలాసేపు చూసింది. తర్వాత కాళ్ళు విరిగినట్టు పచ్చికలో కూలబడింది. సిపాయి ఒకడు దగ్గరికి నడిచాడు. ఆమె లేచి, వెనక్కి తిరిగి, పొదల్లోకి వెళ్ళిపోయింది.

పరాయిది అయితే అలా ఎందుకు కూలబడుతుంది? తమ్ముడి కోసం అక్క కూలబడింది. లెయ్నాయే. లెయ్నాయే అయ్యుంటుంది. వచ్చే ఆదివారం చిన్న ముసుగు కనబడుతుంది. అంతవరకే. తర్వాత ఈ పిచ్చిదాన్ని కూర్చోబెట్టి నిజం చెప్పేస్తాను అనుకుంది.

ఆ వారం ఇల్లు ఇల్లులా లేదు. ఓర్తియా పొయ్యి వెలిగించేది, వండేది, తినేది కాదు. బుధవారం విలెమ్ బూట్లు బయటికి తీసింది. పోయినవాడి బూట్లు ఇంట్లో ఉంచకూడదు, నడిచి పోయేవాడికి ఇచ్చెయ్యాలి. సైలీసియా నుంచి తరిమేస్తే వచ్చిన ముసలాయన ఒకడు గోనెగుడ్డలు చుట్టుకున్న కాళ్ళతో దారిన పోతున్నాడు. ఓర్తియా అతన్ని గుమ్మంలో కూర్చోబెట్టి, తన చేత్తో తొడిగింది.

"సరిపోయాయా తాతా?"

"నా కోసం కుట్టినట్టున్నాయి తల్లీ. ఎవరివి?"

"మా ఆయనవి."

"దేవుడు ఆయన ఆత్మకి శాంతినివ్వాలి."

"ఊఁ" అంది ఓర్తియా.

వోర్షా కిటికీ వెనక నిలబడి చూసింది. నోరు తెరిస్తే ఓర్తియా ఆగేది. బల్ల దగ్గరికి వెళ్ళి, అవిసె నూనె, పెరుగుముద్ద వేసిన పళ్ళెం ముందు కూర్చుని, ఇంకో నాలుగు రోజులు అనుకుంది. ముసలాయన రోడ్డు మలుపు తిరిగాడు. బూట్ల చప్పుడు కాసేపు వినబడి ఆగిపోయింది.

ఈస్టరు ఆదివారం తెల్లవారకముందే ఆడపిల్లలు పాటలు పాడుతూ ఊరు చుట్టారు. వోర్షా ఇంటి ముందుకొచ్చేసరికి గొంతు తగ్గించారు. ప్రార్థన అయ్యాక ఊళ్ళో ఆడవాళ్ళందరూ పండగ బట్టల్లోనే నదికి వెళ్ళారు. ఎర్ర పావడాల మధ్య ఆ ఇద్దరే తెలుపు. ఎవరూ వాళ్ళకి మరీ దగ్గరగా నిలబడలేదు.

అవతల పొదలు కదిలాయి. ముందు వచ్చిన పాలుపితికే ఆడవాళ్ళు ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. లెయ్నా చోటు ఖాళీగా ఉంది. వోర్షా పొదలవైపే చూసింది. చిన్న ముసుగా, పెద్ద ముసుగా?

ఆ రెండూ కాలేదు. బయటికి వచ్చిన ఆడమనిషి ఒంటి మీద లెయ్నా బట్టలు లేవు. మన ఊరివి కావు, పక్క ఊళ్ళవి కావు, కతోలిక్కులవి కావు, దిగువ నేలవాళ్ళవీ కావు. భుజాల మీద ఎర్రగా కుట్టుపని చేసిన వెడల్పు చేతుల చొక్కా, పైన చేతుల్లేని గొర్రెతోలు కోటు, వెనక్కి కట్టిన పువ్వుల రుమాలు. ఎక్కడో ఒక ఊళ్ళో ఎవరి తల్లో కట్టడం నేర్పిన బట్టలు. ఆ మనిషి ఇన్నాళ్ళూ వాటిని మూటలో దాచి, లెయ్నా పావడా కట్టుకుని ఒక ముసలిదాని ఎదుట నిలబడింది. ఇవాళ తనవి తను కట్టుకొచ్చింది.

ఆమె చేతిలో పిల్ల చెయ్యి ఉంది. ఆ పిల్ల పెద్ద ముసుగులో ఉంది.

పిల్లలకి పెద్ద ముసుగు ఉండదు. ఆ మనిషికి ఆ సంగతి తెలియదు. వోర్షా ఒంటి మీద చూసింది చూసినట్టు, గడ్డం కింద సూదితో సహా, మనవరాలు రేజ్కాకి కట్టింది. పెద్దవాళ్ళ గుడ్డ. పిల్ల వెనక పచ్చిక మీద ఈడ్చుకుపోతోంది.

"అదెవరే, ఆ వేషమేంటి?" అంది వెనక ఎవరో.

"పిల్లకి అంత ముసుగేంటమ్మా" అంది ఇంకొకామె.

"పిల్లలకి తెలుపు తల్లీ తండ్రీ పోతేనే..." అని హాంజా మొదలుపెట్టి ఆగింది. రేజ్కా తండ్రి కోసం కట్టిన తెలుపు గడువు తీరి ఎన్నాళ్ళో అయింది. అది అందరికీ తెలుసు.

వోర్షాకి అంతా ఒక్కసారిగా తెలిసింది. లెయ్నా చలికాలంలోనే పోయింది. ఇంట్లో దింపిన ఆ మనిషి, ఆదివారం లెయ్నా కట్టుకోవడం చూస్తూ ఉండేది, తర్వాత తనే కట్టుకుని వచ్చింది. పోయిన వారం వోర్షా తెల్ల ముసుగులో కనబడేసరికి, తల్లికి కబురు అందింది అనుకుంది. ఇక దాచడం ఎందుకని పిల్లని తీసుకొచ్చి చూపిస్తోంది. నీ కూతురు పోయింది, దీన్ని నేను చూసుకుంటున్నాను అని చెప్పడానికి ఆమెకి తెలిసిన మాట అదొక్కటే.

ఓర్తియా కూడా చూస్తోంది. ఆమె మొద్దు కాదు.

"అత్తా. లెయ్నా పోయిందా?"

"పోయింది."

"మనకి తెలుసనుకుని పిల్లని తెచ్చారు. మనం విలెమ్ కోసం కదా కట్టుకున్నాం?"

వోర్షా కళ్ళు అవతలి పిల్ల మీదే ఉన్నాయి.

"విలెమ్ సంగతి నీకెవరు చెప్పారు?"

"ఓర్తియా, ఇక్కడ కాదు."

"ఇక్కడే. ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

చుట్టూ ఎర్ర పావడాలు ఒక అడుగు వెనక్కి జరిగాయి. ఓర్తియా చెయ్యి గడ్డం కిందికి, సూది మీదికి వెళ్ళింది.

"తియ్యకే!" హాంజా ఆమె మణికట్టు పట్టుకుంది. "గడువు తీరకుండా తియ్యకే తల్లీ. ఆయన ఎక్కడో బతికుంటే నువ్వు తీసి చంపుకుంటావు."

"వేసుకుని చంపాను కదా పిన్నీ" అంది ఓర్తియా. గొంతు పెరగలేదు. "తీస్తే చస్తాడు, ఉంచితే చస్తాడు. బూట్లు కూడా ఇచ్చేశాను."

సూది మీంచి చెయ్యి తీసేసింది. అత్తవైపు తిరిగింది.

"నీ తెలుపుకి మనిషి దొరికింది. నా తెలుపుకి ఎవర్ని తెచ్చి పెడతావు?"

జవాబు కోసం ఆగలేదు. గట్టు ఎక్కి ఊరివైపు నడిచింది. దారిలో ఉన్న ఆడవాళ్ళు ముసుగు అంచు తమకి తగలకుండా పావడాలు పక్కకి లాక్కున్నారు.

"వెళ్ళు వదినా, దాని వెనక వెళ్ళు" అంది హాంజా. "ఒంటరిగా పోతోంది. ఏదైనా చేసుకుంటుంది."

వోర్షా వెళ్ళలేదు. అవతల రేజ్కా తల మీంచి ముసుగు జారింది. పసుపుపచ్చ జుట్టు ఎండలో కనబడింది. ఆ పరాయి మనిషి పచ్చికలో మోకాళ్ళ మీద కూర్చుని, ముసుగు పైకి లాగి, సూది తీసి మళ్ళీ గుచ్చుతోంది. తప్పుగా గుచ్చుతోంది. అలా గుచ్చితే నాలుగు అడుగులకి మళ్ళీ ఊడుతుంది. ఇవతల నుంచి అరవడానికి లేదు, చెయ్యి ఊపి చూపించడానికి లేదు.

ఇక చాలు, పొండి అని సిపాయి కేకేశాడు. అవతల పిల్లని పొదల్లోకి నడిపించుకుపోయారు. తెల్లగుడ్డ అంచు చివరిదాకా పచ్చిక మీద కనబడింది.

అప్పుడు వోర్షా వెనక్కి తిరిగింది. రోడ్డు మీద ఓర్తియా చాలా దూరం పోయింది. పిలిస్తే వినబడేదే. పిలిచి చెప్పవలసిన మాట ఒక్కటీ వోర్షా దగ్గర లేదు. వెతకనూ లేదు.